చెల్లాయమ్మ పోయని నీళ్ళు

"నీళ్ళు తాగితే బొల్లి పోతుందా, గురువుగారూ?"

ఇలా అడిగినవాడు నాగేంద్రం. ముప్పై దాటిన మనిషి. ఆరేళ్ళుగా ముసలయ్య వైద్యులుగారి దగ్గర ఆకులు కోస్తూ, వేళ్ళు దంచుతూ చర్మరోగాలకి మందులు చెయ్యడం నేర్చుకుంటున్నాడు. చెయ్యి బాగానే తిరిగింది కానీ, విసుగుని గొంతులో దాచుకోవడం ఇంకా రాలేదు. మోచేతి తామరకి మందు కోసం వెళ్ళి నేనూ ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాను కాబట్టి ఈ సంగతి నా చెవిన పడింది. తామర మెట్టతామరాకు పసరుకి నెల తిరక్కుండా తగ్గింది. విన్నది మాత్రం ఇప్పటికీ సలుపుతూనే ఉంది.

ముసలయ్యగారికి ఉయ్యాలలో పెట్టిన పేరే అది. ఇప్పుడు డెబ్భై దాటాయి కనుక ఎట్టకేలకు పేరుకి తగ్గ మనిషయ్యారు. ఏలేరు కాలవ పక్కన పెంకుటిల్లు, వెనక పెద్ద దొడ్డి. పదిమందీ పిచ్చిమొక్కలని పీకి పారేసే కుప్పింటాకు, తగిరస, నేలవేము ఆయన దొడ్లో పాదులు చేయించుకుని దర్జాగా పెరుగుతుంటాయి. ఆయనకో అలవాటుంది. గజ్జితోనో సెగగడ్డతోనో వచ్చినవాళ్ళకి చూసిన వెంటనే మందిచ్చి పంపేస్తారు. బొల్లి మచ్చలతో ఎవరైనా వస్తే మాత్రం, ముందు ఆ మనిషినే లేచి మూలనున్న కుండలోంచి గ్లాసుడు మంచినీళ్ళు ముంచి తెమ్మంటారు. వెంట వచ్చినవాళ్ళు చూస్తుండగా ఆ నీళ్ళు ఆఖరి చుక్కదాకా తాగుతారు. ఆ తర్వాత వాళ్ళవైపు తిరిగి, "మీకూ ఇమ్మందునా?" అని అడుగుతారు. మందు సంగతి ఎప్పుడైనా దాని తర్వాతే.

ఆ రోజు సత్తిబాబు అని, పెళ్ళిళ్ళకి వంట చేసే మనిషి వచ్చాడు. వేళ్ళ చివరలూ, మూతి పక్కనా తెల్లబడ్డాయి. ఏడాదిగా అతన్ని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదట. కూరగాయలు తరగడానికి కూడా పిలవడం లేదట. తోడుగా అన్నగారు వచ్చాడు. ఇద్దరూ బస్సు దిగి, ఎర్రటి ఎండలో మూడు కిలోమీటర్లు నడిచి వచ్చారు. సత్తిబాబు నీళ్ళు ముంచి ఇచ్చాడు, గురువుగారు తాగారు. "మీకూ ఇమ్మందునా?" అని అడిగితే అన్నగారు ఎండిన పెదాలు నాలికతో తడుపుకుని, "వద్దండి, దాహం లేదు" అన్నాడు. గురువుగారు గ్లాసు బోర్లించి, "ఎండ వాలనివ్వండి, అందాకా ఆ కానుగ చెట్టు కింద కూర్చోండి" అని ఇద్దర్నీ బయటికి పంపారు.

నాగేంద్రం అప్పటికే బావంచాల ముద్ద నూరి సిద్ధంగా పెట్టుకున్నాడు. బొల్లికి వాడే బావంచాల గింజల్ని ఏడు రోజులు గోమూత్రంలో నానబెట్టి, పొట్టు తీసి, నీడన ఆరబెట్టి నూరిన ముద్ద. ఈ ఆరేళ్ళలో గురువుగారి చెయ్యి పడకుండా అతను మొదటిసారి చేసిన మందు. అది గిన్నెలో ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేక ఆ ప్రశ్న అడిగాడు.

గురువుగారు గిన్నె దగ్గరికి జరుపుకుని, దాని మీద తడిగుడ్డ కప్పి, "చెల్లాయమ్మత్తని నువ్వు చూడలేదు" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన తీరు నాకు చేతకాదు. గుర్తున్నంతవరకు నా మాటల్లో రాస్తున్నాను.

చెల్లాయమ్మ ఆ ఊరి పసిపిల్లలకి నీళ్ళు పోసే మనిషి. పురిటిస్నానం నాటినుంచి పిల్ల మెడ నిలిచేదాకా రోజూ పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళేది. దొడ్లో పీట వేసుకుని, రెండు కాళ్ళూ బారచాపి, ఆ కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టుకునేది. బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి ఒళ్ళంతా నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చటి నీళ్ళు పోసేది. కన్నతల్లి చేతుల్లో గుక్కపెట్టి ఏడ్చిన పిల్లలు కూడా ఆవిడ కాళ్ళ మీద ఆవులింతలు తీసేవారట. సున్నిపిండీ ఆవిడ చేతిదే. పెసలు, బియ్యం, కచ్చూరాలు, వట్టివేళ్ళు, కస్తూరి పసుపు, ఎండు గులాబిరేకులు, చిటికెడు బావంచాలు. ఏది ఎంతో కొలత ఉండేది కాదు, వాసన చూసి సరిపెట్టేది. ఆ ఊళ్ళో మూడొందల మంది పిల్లలు ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోయించుకున్నవాళ్ళే. వాళ్ళలో ముసలయ్యగారూ ఒకరు.

నలభై ఐదో ఏట ఆవిడ మణికట్టు మీద శనగబద్దంత తెల్లమచ్చ కనపడింది. రెండేళ్ళలో చేతులకీ కాళ్ళకీ పాకింది. ఊళ్ళో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "ఇవాళ పిల్లకి జలుబు చేసింది, రేపు రా చెల్లాయమ్మా" అనేవారు. రేపు కూడా ఆ పిల్లకి జలుబే. మరో ఇంట్లో నీళ్ళు కాగలేదు. ఇంకో ఇంట్లో అమ్మమ్మ వచ్చింది, ఆవిడే పోస్తానంటోంది. ఇలా మెల్లమెల్లగా, ఎంతో మర్యాదగా, ఆవిడని పిలిచే గడపంటూ లేకుండా పోయింది. సున్నిపిండికి మాత్రం గిన్నెలు పంపిస్తూనే ఉండేవారు. ఆ పిండి విసిరేవి కూడా ఆ చేతులేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదో, వచ్చినా పక్కన పెట్టారో మరి. చెల్లాయమ్మకి కోపం రాలేదట. గిన్నెలు నింపి పంపించేదట. "మచ్చలు నాకు కనపడుతున్నాయి, పిల్లలకి కనపడవు కదా, వాళ్ళకేం భయం?" అని నవ్వేదట. తన ఒంటిని చూసి తను భయపడడం ఆవిడకి తెలియదు.

లేక లేక పుట్టిన ఒక్కతే కూతురు భాగ్యం. పక్క ఊరే ఇచ్చారు. తొలి కాన్పుకి ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. అత్తగారు మాణిక్యమ్మ స్వయంగా తీసుకొచ్చి దింపింది. సారె సామాను దింపి, పెట్టిన పలహారం కాస్త కొరికి, గుమ్మం దిగబోతూ ఆగింది.

"వదినగారూ, మరోలా అనుకోకండి. పురుడు మీ ఇంట్లోనే, అన్నీ మీ చేతుల మీదుగానే కానివ్వండి. పిల్లకి నీళ్ళు మాత్రం ఇంకెవరి చేతనైనా పోయించండి. మీరు ఒళ్ళో వేసుకోవద్దు."

"అలాగేనండి వదినగారూ" అంది చెల్లాయమ్మ. బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడే ఉంది.

మర్నాడు తెల్లవారేసరికి ముసలయ్యగారి అరుగు మీద కూర్చుంది. ఆయనకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. తండ్రి పోయి ఆర్నెల్లయింది. ఊరు ఆయన్ని ఇంకా వైద్యులుగారి అబ్బాయి అనే అంటోంది, వైద్యుడని అనడం లేదు. చెల్లాయమ్మ రెండు కాళ్ళూ చాపి చీర కుచ్చెళ్ళు కాస్త పైకి జరిపి చూపించింది.

"అబ్బాయ్, రెండు నెలల్లో ఇది పోవాలి. అందం కోసమని అడగట్లేదు, ఈ వయసులో నాకెందుకు? పిల్లని ఈ కాళ్ళ మీద వేసుకోవాలి. నిన్నూ వీటి మీదే వేసుకుని పోశాను కదరా."

ముసలయ్యగారు వంగి చూశారు. మచ్చల మీద వెంట్రుకలు కూడా నెరిసిపోయాయి. వెంట్రుక నెరిసిన మచ్చ ఇక మందుకి లొంగదని తండ్రి పదే పదే చెప్పేవాడు. ఈ మచ్చ ఒకరినుంచి ఒకరికి అంటేది కాదనీ చెప్పేవాడు. రెండు సంగతులూ ఆయనకి తెలుసు. మొదటిది చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ తన మొహంవంకే చూస్తూ కూర్చుంది మరి. రెండోది ఎవరికైనా చెప్పాలని తోచనే లేదు. ఆ మాట వినవలసినవాళ్ళు పక్క ఊళ్ళో ఉన్నారు. మందు అడిగిన మనిషి ఎదురుగా ఉంది. "చూద్దాం అత్తా" అని లోపలికి వెళ్ళి బావంచాలు పట్టుకొచ్చారు.

వాటిని చూసి చెల్లాయమ్మ నవ్వేసింది. "ఓస్, ఇవేనా? పసిపిల్లల పిండిలో వేసేవే కదరా."

కొంప ముంచింది ఆ పరిచయమే. సున్నిపిండిలో చిటికెడు కలిసి, మరుక్షణం నీళ్ళతో కడుక్కుపోయే బావంచాలు ఎవరినీ ఏమీ చెయ్యవు. అవే బావంచాలు నానబెట్టి ముద్ద నూరి, ఒంటికి పట్టించి ఎండలో కూర్చుంటే చర్మాన్ని కాల్చేస్తాయి. ముసలయ్యగారు ఆ సంగతి చెప్పకపోలేదు. "పల్చగా రాసుకో. పొద్దుటెండలో, నూతిలోంచి రెండు చేదల నీళ్ళు తోడేంతసేపు చాలు. వెంటనే కడిగేసుకో" అన్నారు. ఆవిడ తలూపింది. పాతికేళ్ళుగా తన వేళ్ళ మధ్య నలిగిన గింజ, తనని ఏం చేస్తుందని భయపడుతుంది?

నెల తిరిగేసరికి మణికట్టు మీది మచ్చ అంచున ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు నాలుగు పొడిచాయి. ఇద్దరి సంతోషానికీ పట్టపగ్గాలు లేవు. చెల్లాయమ్మ ఆ చెయ్యి కనపడ్డవాళ్ళందరికీ చూపించుకుంది. ఊరు మొదటిసారి ముసలయ్యగారిని వైద్యుడని పిలిచింది. చెల్లాయమ్మ రాబోయే పిల్ల కోసం సున్నిపిండి విసిరి, పల్చటి గుడ్డలో మూడుసార్లు జల్లించి, కొత్త డబ్బాలో పోసి పెట్టింది. పాత పంచెలు ఉతికి ఉతికి మెత్తగా చేసి, మడతపెట్టి దాచింది. కాళ్ళ మీద మాత్రం ఒక్క చుక్క కూడా రాలేదు. రాదని ముసలయ్యగారికి తెలుసు. "వస్తుంది అత్తా, ఓపిక పట్టు" అన్నారు. ఓపిక ఆవిడకి కావలసినంత ఉంది. రోజులే లేవు.

భాగ్యానికి నొప్పులు రావడానికి నాలుగు రోజుల ముందు, కూతురు నిద్ర లేవకముందే చెల్లాయమ్మ ఉన్న బావంచాలన్నీ నూరేసింది. మోకాళ్ళనుంచి పాదాలదాకా గోరింటాకు పెట్టుకున్నంత మందంగా పట్టించింది. దొడ్లో పీట వేసుకుని, పిల్లలకి నీళ్ళు పోసేటప్పుడు ఎలా కూర్చుంటుందో అచ్చం అలాగే కాళ్ళు బారచాపి ఎండలో కూర్చుంది. పొద్దున కూర్చున్న మనిషి ఎండ నడినెత్తికి వచ్చేదాకా లేవలేదు. మంట పుడుతుంటే, మందు పనిచేస్తోందనుకుంది.

ఇక్కడ నాగేంద్రం ఉండబట్టలేకపోయాడు. "మీరు చెప్పినట్టు వినకపోవడం ఆవిడ తప్పే కదండీ" అన్నాడు.

"అవును, నేనూ కొన్నాళ్ళు అలాగే సరిపెట్టుకున్నాను" అన్నారు గురువుగారు, మళ్ళీ చెప్పడం మొదలుపెడుతూ.

సాయంత్రానికి కాళ్ళు కంది ఎర్రబడ్డాయి. మర్నాటికి బొబ్బలు లేచాయి. ముసలయ్యగారు పరుగున వెళ్ళి, అరిటాకులు పరిచి కాళ్ళు వాటి మీద పెట్టించి, కలబంద గుజ్జు వేశారు. ఇంటికొచ్చి రాగి పళ్ళెంలో నెయ్యి వేసుకుని చన్నీళ్ళతో కడగడానికి కూర్చున్నారు. అలా నూరుసార్లు కడిగితే నెయ్యి తెల్లగా, చల్లగా తయారై కాలిన చర్మానికి హాయినిస్తుంది. "లెక్కపెడుతూనే కడిగాను. నూరూ అయిపోయాక కూడా చెయ్యి ఆపలేకపోయాను" అన్నారాయన.

ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పురిటిస్నానానికి మాణిక్యమ్మ వచ్చింది. పిల్లకి నీళ్ళు పోయడానికి వీధి చివరినుంచి ఒకావిడని పిలిచారు. చెల్లాయమ్మ దాచిన పిండి డబ్బా తీశారు. చెల్లాయమ్మ గదిలో మంచం మీద ఉంది. ముసలయ్యగారు కట్లు విప్పి, కడిగిన నెయ్యి కాళ్ళకి రాస్తున్నారు. దొడ్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. చెల్లాయమ్మ మంచం మీంచి చెబుతోంది. "నీళ్ళు మోచేత్తో చూడండమ్మా, అరచేతికి వేడి తెలీదు. తల మీద పోసేటప్పుడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టండి. చెవుల్లోకి పోతాయి." ఆ మాటలు దొడ్డిదాకా వినపడేంత గట్టిగా లేవు. గదిలో ఉన్న ముసలయ్యగారికి మాత్రం ఒక్కొక్కటీ వినపడింది.

కాసేపటికి తడి ఒత్తి, పాత పంచెలో చుట్టిన పిల్లని ఎత్తుకుని మాణిక్యమ్మ గదిగుమ్మందాకా వచ్చి ఆగింది. ముసలయ్యగారు ఉత్తచేతులతో ఆ పాదాలు పట్టుకుని ఉండడం చూసింది.

"మీకు భయం లేదా బాబూ? ఆ మచ్చలు అంటుకోవూ?"

"అంటవండి. ఎవరినుంచీ ఎవరికీ అంటవు. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు ఇలాంటివాళ్ళకి చేత్తోనే మందు రాశారు. ఆయన ఒంటి మీద ఒక్క మచ్చ రాలేదు."

మాణిక్యమ్మ చెడ్డమనిషేం కాదు. భయపడింది, భయం తీర్చేవాళ్ళు లేక భయపడుతూనే ఉంది. "రెండు నెలల కిందట మా ఊరొచ్చి ఈ మాట ఒక్కసారి చెబితే పోయేది కదా బాబూ" అంది. "మాకెవరు చెప్పారు?"

అని గదిలోకి వచ్చి, మంచం పక్కన వంగి, పిల్లని చెల్లాయమ్మ చేతుల్లో పెట్టబోయింది. చెల్లాయమ్మ చేతులు చాపలేదు. రెండు చేతులూ వెనక్కి తీసుకుని పమిట కింద దాచుకుంది.

"వద్దు వదినగారూ. పసిగుడ్డు."

"అంటదని ఈ బాబు చెబుతున్నాడు కదండీ."

చెల్లాయమ్మ ముసలయ్యగారివైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదట. తెలియనిది తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"అంటనిదైతే, ఎవరికీ హాని లేనిదైతే, కాళ్ళు కాలే మందు ఎందుకిచ్చావురా అబ్బాయ్?"

ఊరంతా ఆ మచ్చలకి జడిసిన రోజుల్లో జడవకుండా ఉన్నది ఆవిడ ఒక్కతే. ఆ ఒక్కతెకీ ఆ రోజుతో భయం పట్టుకుంది.

పుళ్ళు మానడానికి నాలుగు నెలలు పట్టింది. చర్మం బిగుసుకుపోయి, కాళ్ళు బారచాపి కూర్చోవడం ఇక కుదరలేదు. ఐదో నెలలో భాగ్యం పిల్లని తీసుకుని అత్తారింటికి బయల్దేరింది. బండెక్కేముందు పిల్లని తెచ్చి తల్లి ముందు నిలబడింది. చెల్లాయమ్మ పమిటచెంగు చేతికి చుట్టుకుని, ఆ గుడ్డ మీంచే పిల్ల అరికాలు ఒకసారి ముట్టుకుంది. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. సున్నిపిండి విసరడం మానేసింది. గిన్నెలు పంపినవాళ్ళకి, "నా చేతులు మంచివి కావమ్మా" అని చెప్పి, వాటిని ఖాళీగానే తిప్పి పంపేది.

చెప్పడం అయిపోయింది. నాగేంద్రం గిన్నె మీది తడిగుడ్డ అంచు పైకెత్తి చూశాడు. "అయితే ఈ ముద్ద పారబోసెయ్యమంటారా?" అని మెల్లగా అడిగాడు.

"పారబొయ్యడం దేనికి? బాగానే నూరావు. ఎండ వాలాక పల్చగా రాద్దాం. మూతి పక్కన కొంత తగ్గొచ్చు. వేళ్ళకి తగ్గదు, ఆ సంగతీ ఇవాళే చెబుదాం" అన్నారు గురువుగారు. కానుగ చెట్టు కింద అన్నదమ్ములిద్దరూ చెరో పక్కనా కూర్చుని ఉన్నారు. అన్నగారు కండువాతో మెడ తుడుచుకుంటూ కుండ ఉన్న మూలకేసి చూస్తున్నాడు. గురువుగారు కూడా అటే చూస్తూ అన్నారు.

"ముందు వెళ్ళి, ఆ పెద్దాయనకి దాహం వేస్తోందేమో అడుగు. వేస్తోందంటే, నువ్వు మాత్రం ముంచి ఇవ్వకు."